కళావిద్య – స్వకీయమైన బాణీ

(ఉప్పుగూడలో చేసిన కాపు రాజయ్య స్మారకోపన్యాసము)



సిద్దిపేటలో పుట్టి, సిద్దిపేటలోనే బాలురకు చిత్రలేఖనము నేర్పుచు జీవించి, తెలంగాణపు పల్లెబ్రదుకును వర్ణములలో నిలిపి, 2012వ సంవత్సరమున కీర్తిశేషులైన కాపు రాజయ్యగారి స్మృతికి అంకితమైన ఈ యుపన్యాసమును, ఆయన పుట్టిన యూరను గాక, ఆయన చదివిన కళాశాలయందును గాక, హైదరాబాదు పాతనగరమునందలి ఈ ఉప్పుగూడలో ఏర్పాటు చేసిన మీ యాలోచన నాకెంతయు ఉచితముగా తోచుచున్నది. ఆషాఢమాసమున గోలకొండలో మొదలై, సికింద్రాబాదు లష్కరును దాటి, తుదకు లాల్‌దర్వాజకును మీ పేటకును చేరు బోనాల పండుగనాడు, ఇచ్చటి వీధులలో పసుపు, కుంకుమ, వేపాకు అను మూడింటి వన్నెలును ఒక్కచోట కలియును. బోనము తలకెత్తుకొన్న యాడుబిడ్డ మెడ నిలుపునందు ఒక గాంభీర్యము, డప్పు దరువునకు కదలు పోతరాజు దేహమునందు ఒక యుద్ధృతి కానవచ్చును. బోనాలును, బతుకమ్మయు రాజయ్యగారి కుంచెకు మిక్కిలి ప్రియమైన వస్తువులు. ఆయన గీసినది మీ పండుగనే కావున, ఆయన స్మృతికి ఈ సభ పరాయిచోటు కాదు.

నేడు నేను విచారింపబూనిన విషయము, కళావిద్య మనుష్యునకు స్వకీయమైన బాణీని కనుగొనుటయందు ఎట్లు తోడ్పడునన్నది. ఒక చిత్రమును చూచినంతనే, క్రింది సంతకము చదువకయే, ఇది ఫలానావారిదని చెప్పగలుగుదుము. నాలుగు స్వరములు చెవిని పడినంతనే, పాడుచున్నవారెవరో గుర్తింపగలుగుదుము. ఈ గుర్తు వారికెచ్చటనుండి వచ్చినది? పుట్టుకతోడనే వచ్చినదనువారు కొందఱు. వారి మతమున పాఠశాల ప్రతిభకు అడ్డుపడునేగాని తోడ్పడదు. గురువే యిచ్చెననువారు మఱికొందఱు. వారి మతమున శిష్యుడు గురువునకు ప్రతిబింబము. ఈ రెండు మతములును చెఱిసగము మాత్రమే సత్యములని నా యభిప్రాయము. అభ్యాసము చేతికి శక్తినిచ్చును; ఆ శక్తితో శిష్యుడు తాను బాల్యమునుండి చూచుచున్న లోకమువైపు మరలునట్లు చేయగల గురువు దొరికిననాడే ఆ శక్తి బాణీగా పరిణమించును. ఈ రెండవపని జరుగని విద్య అనుకర్తలను మాత్రమే తయారు చేయును. మొదటిపని జరుగని స్వేచ్ఛ కోరికను మాత్రమే మిగుల్చును.

ఈ విచారము మనకు క్రొత్తది కాదు. ఆలంకారికుడైన మమ్మటుడు కావ్యమునకు హేతువును నిరూపించుచు, సహజమైన శక్తిని, లోకమును శాస్త్రములను పూర్వకావ్యములను పరిశీలించుటవలన కలుగు నిపుణతను, కావ్యమెఱిగినవారి శిక్షణయందు చేయు అభ్యాసమును పేర్కొని, ఇవి వేర్వేరుగా మూడు కారణములు కావనియు, మూడును కూడియే యొక్క కారణమనియు నిర్ణయించెను. అతనికి పూర్వుడైన దండి, సహజప్రతిభ కొఱవడినవానికి సైతము శ్రుతముచేతను యత్నముచేతను వాగ్దేవి కొంత యనుగ్రహము చూపకపోదని చెప్పి, సామాన్యునకు ఆశ కల్పించెను. విష్ణుధర్మోత్తరపురాణమున వజ్రుడను రాజు ప్రతిమాలక్షణమును తెలియగోరి మార్కండేయుని ఆశ్రయింపగా, ఆ ముని చిత్రమెఱుగక ప్రతిమ తెలియదనియు, నృత్తమెఱుగక చిత్రము తెలియదనియు, వాద్యమును గీతమును ఎఱుగక నృత్తము తెలియదనియు చెప్పుచు రాజును సంగీతమువఱకు నడిపించుకొని పోవును. కళలు పరస్పరాశ్రయములనియు, వానిని నేర్వవలసినదేగాని ఊరక పొందవలసినది కాదనియు ఆ పూర్వులకు సందేహమే లేదు.

శిక్షణ స్వేచ్ఛకు శత్రువను భ్రమను పోగొట్టుటకు మన సంగీతబోధనాక్రమమును మించిన నిదర్శనము లేదు. మాయామాళవగౌళలో సరళీస్వరములతో ఆరంభించిన బాలుడు జంటస్వరములు, అలంకారములు, గీతములు, స్వరజతులు, వర్ణములు, కృతులు అను మెట్లను వరుసగా ఎక్కవలెను. సంవత్సరములతరబడి అతడు పాడునది పరుల సొమ్ము. అందొక స్వరమునైనను తన యిచ్చకొలది మార్చుటకు అతనికి అధికారము లేదు. ఇన్ని మెట్లును ఎక్కిన పిదప రాగాలాపనము, నెరవు, కల్పనస్వరము వచ్చును. వానికి మన పెద్దలు మనోధర్మమని పేరిడిరి. అచ్చట స్వరలిపి ఆధారము కాదు. గురువు ఎదుటనే యున్నను నోరు తెఱవవలసినది శిష్యుడే. కట్టుబాటు నడుమ పెరిగిన గొంతునకు తుదకు కట్టుబాటులేని జాగా నిచ్చుటయే ఆ క్రమముయొక్క పరమార్థము. త్యాగరాజస్వామి శిష్యపరంపరకు చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు బెజవాడలో ఇట్లే శుద్ధసంప్రదాయమున బోధించిరి. ఆయన శిష్యులైన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు యౌవనారంభముననే డెబ్బదిరెండు మేళకర్తలయందును కృతులు రచించి, క్రొత్త రాగములను కల్పించి, గురువు గానమునకు నకలు కాని గానమును లోకమునకు వినిపించిరి. గురువు బోధించిన సంప్రదాయమే శిష్యునకు తెగువనిచ్చినది.

ఇంత దూరము పోనక్కఱలేదు. ఇచ్చటినుండి చార్మినారు దాటి ఛత్తాబజారునకు పోయినచో, పెండ్లిపత్రికలమీద ఉర్దూ అక్షరములను అందముగా వ్రాయు ఖుష్‌నవీసుల పరంపర యింకను కానవచ్చును. ఆ విద్యలో అక్షరముల పొడవును వంపును కలపు మొన వేయు చుక్కలతో కొలుతురు. అలిఫ్ ఇన్ని చుక్కల యెత్తు, బే యిన్ని చుక్కల వెడల్పు అను నియమమును చేయి మఱువనంతవఱకు శిష్యుడు ఒక్కొక్క యక్షరమునే దిద్దుచుండును. ఇంతటి కఠినమైన కొలత నడుమను, అనుభవజ్ఞుడు కాగితము చూచి ఇది ఏ ఉస్తాదు చేతివ్రాతయో చెప్పగలడు. 1931లో డాక్టరు మొహియుద్దీను ఖాద్రీ జోరుగారు స్థాపించిన ఇదారె అదబియాతె ఉర్దూ ఈ లేఖనకళను తరగతులలో బోధించి కాపాడిన సంస్థలలో నొకటి. నియమము అందఱికిని ఒక్కటే యైనను, ఆ నియమమును మోయు చేయి ఎవరిదివారిదే యగుట పాతనగరపు ప్రజలకు తరతరములుగా తెలిసిన విషయము.

ఇక చిత్రకళకు వత్తము. ఆధునికాంధ్ర చిత్రకళకు ఆద్యుడనదగిన దామెర్ల రామారావు 1897లో రాజమహేంద్రవరమున జన్మించెను. ఆ యూరి ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యుడుగా నున్న ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు, స్వయముగా చిత్రకారుడును రచయితయు నగుటచేత, ఆ బాలుని చేతిలోని శక్తిని గుర్తించెను. అతడు చేసిన మహోపకారము, తన దేశపు చిత్రములను నకలు చేయుమని చెప్పకపోవుట. దామెర్లను, అతని తోటివాడగు అడివి బాపిరాజును చేరదీసి, అజంతా గుహలయందలి చిత్రముల గొప్పతనమును వారికి తెలిపి, తెలుగు బాలుడు తన గోదావరిని, తన కొండలను, తన స్త్రీపురుషులను తన కన్నులతో చూచి గీయవలెనని ప్రబోధించెను. పిదప దామెర్ల బొంబాయిలోని జె.జె. కళాశాలలో చేరి, దేహనిర్మాణమును, వర్ణసమ్మేళనమును, దూరసామీప్యముల చిత్రణమును పాశ్చాత్యపద్ధతిలో క్షుణ్ణముగా అభ్యసించెను. రెండు విద్యలును అతనియందు కలిసినవి. ‘సిద్ధార్థ రాగోదయము’ వంటి చిత్రమున ఆ దేహముల నిలుకడ బొంబాయి నేర్పినది; ఆ రేఖల మార్దవము అజంతా నేర్పినది; ఆ రెండింటిని ఒక్కటిగా కూర్చిన దృష్టి మాత్రము దామెర్లదే. స్వస్థలమునకు తిరిగివచ్చి, తాను పొందినదానిని పదిమందికిని పంచుటకు చిత్రకళాశాల నెలకొల్పి, 1925లో, ఇరువదియెనిమిదేండ్లు నిండకమునుపే మసూచికి బలియయ్యెను. అతని శిష్యుడు వరదా వెంకటరత్నము ఆ శాలను నిలిపెను. బాపిరాజు బందరు ఆంధ్రజాతీయ కళాశాలకు అధ్యక్షుడై, తరువాత హైదరాబాదునకు వచ్చి ‘మీజాను’ తెలుగు పత్రికకు సంపాదకుడయ్యెను.

కూల్డ్రే వేలు చూపిన ఆ అజంతా నాడు ఏ రాజ్యమున నుండెనో మనము మఱువరాదు. అది నిజాము రాజ్యములోనిది. గులాం యజ్దానీగారి పర్యవేక్షణమున హైదరాబాదు పురావస్తుశాఖ ఆ గుహలను రక్షించుటయేగాక, వాని చిత్రములకు ప్రతికృతులను వ్రాయించెను. అట్లు వ్రాసినవారిలో సయ్యదు అహమ్మదుగారు ప్రసిద్ధులు. 1940లో హైదరాబాదున ప్రభుత్వ కళాశిక్షణాలయము వెలసినప్పుడు, దాని వెనుక ఈ వారసత్వమంతయు నుండెను. సుకుమార్ దేవుస్కరువంటి సమర్థులైన చిత్రకారులు అచ్చట బోధించిరి. నేడు జవాహర్‌లాల్ నెహ్రూ వాస్తుకళా, లలితకళా విశ్వవిద్యాలయముగా పెరిగినది ఆ సంస్థయే. తెలంగాణ చిత్రకారులలో అగ్రగణ్యులనదగిన పలువురు ఆ గడప తొక్కినవారే యగుట యాదృచ్ఛికము కాదు.

వారిలో కొండపల్లి శేషగిరిరావుగారు వరంగల్లు ప్రాంతమున పెనుగొండ గ్రామమున 1924లో జన్మించిరి. పేదరికము వారి చదువునకు అడ్డురాగా, నవాబు మెహదీ నవాజు జంగుగారు ఆ బాలుని ప్రతిభను గుర్తించి ఆదుకొనిరి. హైదరాబాదున చేయి కుదిరిన పిదప వారు శాంతినికేతనమునకు పోయి నందలాల్ బోసుగారి సన్నిధిని కుడ్యచిత్రకళ నేర్చిరి. అచ్చటినుండి తెచ్చినది వంగదేశపు శైలిని కాదు. ప్రకృతిని భక్తితో చూచు నలవాటును. ఆ చూపుతో తెలంగాణపు బండఱాళ్లను, కాకతీయుల శిథిలతోరణములను, మన పురాణగాథలను చిత్రించి, తాము చదివిన హైదరాబాదు కళాశాలయందే దీర్ఘకాలము అధ్యాపకులై, తరములవారిని తీర్చిదిద్దిరి. 1975 ప్రపంచ తెలుగు మహాసభల సందర్భమున వారు గీసిన తెలుగుతల్లి రూపము ఇంటింటికిని తెలిసినదే.

తరువాతి తరమున కె. లక్ష్మాగౌడ్‌గారు మెదకు జిల్లా నిజాంపురమున 1940లోను, తోట వైకుంఠంగారు కరీంనగరు జిల్లా బూరుగుపల్లిలో 1942లోను జన్మించిరి. ఇరువురును పల్లెలనుండి హైదరాబాదు కళాశాలకు వచ్చిరి. ఇరువురును పిదప బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయమునకు పోయి, కె.జి. సుబ్రహ్మణ్యన్‌గారివద్ద శిష్యత్వము చేసిరి. కేరళమున పుట్టి, శాంతినికేతనమున నేర్చి, బరోడాలో బోధించిన ఆ మహనీయుడు బొమ్మలు చేసెను, పిల్లలకొఱకు పుస్తకములు వ్రాసి చిత్రించెను, మట్టియందును గాజునందును కుడ్యమునందును కృషి చేసెను. పల్లెటూరి చేతిపనికిని నగరపు చిత్రశాలకును నడుమ గోడ లేదని మాటతోడను చేతతోడను నిరూపించెను. అట్టి గురువువద్ద ముద్రాచిత్రకళ నేర్చిన లక్ష్మాగౌడ్‌గారు తిరిగివచ్చి చూడగా, నిజాంపురపు చెట్టు, మేక, మట్టిగోడ, అచ్చటి స్త్రీపురుషుల దేహములయందలి నిస్సంకోచమైన జీవశక్తి, ఇవన్నియు ఎచింగు పలకపై సన్నని రేఖలుగా అవతరించినవి. వైకుంఠంగారు బాల్యమున చూచిన పల్లెనాటకములను, అందు ఆడువేషము కట్టు పురుషులను, తన యూరి స్త్రీల నుదుటి పెద్దబొట్టును, నిండైన చీరలను, నల్లని మేనిని చిత్రములకెక్కించిరి. ఆ రూపములు నేడు దేశమంతటను వారి సంతకముగా చెల్లుబడియగుచున్నవి. బి. నర్సింగరావుగారి ‘దాసి’ చలనచిత్రమునకు కళాదర్శకత్వము వహించి వారు జాతీయపురస్కారమును పొందుటకును ఆ పల్లెయెఱుకయే మూలము.

ఇరువురును ఒక్క జిల్లావారు కాకున్నను ఒక్క ప్రాంతమువారు. ఒక్క కళాశాలలో చదివిరి. ఒక్క గురువును సేవించిరి. ఒక్క వస్తువును, అనగా తెలంగాణ పల్లెను, చిత్రించిరి. ఐనను ఒకరి చిత్రమును మఱొకరిదని భ్రమించుట అసాధ్యము. విద్య అందఱిని ఒక్క మూసలో పోయునను నిందకు ఇంతకుమించిన సమాధానమేమి కావలెను? మూసలో పోయునది దుర్విద్య. సద్విద్య ఒక్క క్షేత్రముననే యిద్దఱిని పెంచి యిద్దఱిని వేఱుచేయును. వరి నారు ఒక మడిలో పెరిగి వేఱొక మడిలో ఈనునట్లు, వీరందఱును పరదేశమున బలము తెచ్చుకొని స్వక్షేత్రమున ఫలించిరి.

ఇక రాజయ్యగారి మాట. 1925లో జన్మించిన ఆయన హైదరాబాదు కళాశాలయందు చిత్రలేఖనమును అభ్యసించి, సిద్దిపేటలో డ్రాయింగు మాస్టరుగా కుదురుకొనిరి. ఆ కాలపు ప్రభుత్వ కళాశాలలలో చెప్పు చదువు సామాన్యముగా వెలుగునీడలు, నిశ్చలవస్తుచిత్రణము, ప్రకృతిదృశ్యములు, మనుష్యాకృతి అను క్రమమున సాగునది. అది నేర్చిన చేయి ఆయనది. కాని సిద్దిపేటకు అనతిదూరమున చేర్యాల యున్నది. అచ్చటి నకాషీ చిత్రకారులు నేతగుడ్డకు గంజిని, సుద్దమట్టిని, చింతగింజల జిగురును పూసి గట్టిపఱచి, ఎఱ్ఱని నేలపై కథాదృశ్యములను వరుసగా గీసి, మూరలకొలది పొడవుగల పటములను తయారు చేయుదురు. మార్కండేయపురాణమును పద్మశాలీలకు చెప్పు కూనపులివారు, పాండవుల కథను ముదిరాజులకు చెప్పు కాకిపడగలవారు, జాంబపురాణమును చెప్పు డక్కలివారు ఆ పటములను విప్పి, పుల్లతో చూపుచు, రాత్రులు తెల్లవాఱువఱకు కథలు గానము చేయుదురు. నగరపు చదువు చదివినవారు మోటుపనియని త్రోసివేసిన ఆ కళయందు రాజయ్యగారు తనకు కావలసినది కనుగొనిరి: చదునుగా పఱచిన శుద్ధవర్ణము, తడబాటులేని గట్టిరేఖ, పెద్దకన్నులు, నీడలేని వెలుగు. టెంపరా పద్ధతిలో ఆయన గీసిన బోనాలు, బతుకమ్మ, ఎల్లమ్మ జోగి, వడ్డెరల కష్టము చూడుడు. నకాషీవారు అట్లు గీయలేదు, ఏలయన ఆ కూర్పు, ఆ వస్తువుల యెన్నిక కళాశాల యిచ్చిన విచక్షణవలన కలిగినవి. కళాశాలయు అట్లు గీయుమని చెప్పలేదు, ఏలయన ఆ రేఖ చేర్యాలది. రెండింటిని ఎఱిగిన యొక్క మనుష్యుడు నడుమ నిలిచినందున మూడవదియొకటి పుట్టినది. అదియే రాజయ్యగారి బాణీ. ఆయన దానిని తన మట్టుకు దాచుకొనక, సిద్దిపేటలో లలితకళాసమితిని స్థాపించి, ఒక చిన్న పట్టణమును చిత్రకారుల యూరుగా మార్చిరి.

ఇచ్చట ఒక యాక్షేపము వినవచ్చును. చేర్యాల నకాషీలు ఏ కళాశాలలో చదివిరి? చదువకయే కదా యింతటి కళను కాపాడిరి? ఈ ప్రశ్న న్యాయమైనదే. కాని వారు చదువలేదనుట సత్యము కాదు. వారి యిల్లే వారి పాఠశాల. తండ్రి గుడ్డకు సుద్ద పూయుచుండగా చూచి, తల్లి రంగు నూఱుచుండగా చూచి, మొదట అంచులలోని తీగెలు, పిదప వస్త్రములు, తుదకు ముఖములు, కన్నులు గీయు నధికారమును బిడ్డ క్రమముగా పొందును. నిజముగా ఆలోచింపవలసినది మఱియొకరి గుఱించి. వంశములో కళ లేని బిడ్డ, ఆటో నడుపువాని కొడుకు, బట్టలు కుట్టునామె కూతురు, ఇంటిలో కుంచెగాని వీణగాని చూడని బాలుడు ఎచ్చటికి పోవలెను? నకాషీ బిడ్డకు ఇల్లిచ్చినదానిని ఈ బిడ్డకు ఇయ్యగలిగినది బడి యొక్కటే. వంశమున పుట్టనివానికిని పరంపరలో చోటు కల్పించుటయే ప్రజాస్వామ్యమున కళావిద్యకు గల ప్రథమధర్మము.

మన బడులలో ఆ ధర్మము నెఱవేఱుచున్నదా? చాలచోట్ల చిత్రలేఖనపు గంట గణితమునకో సామాన్యశాస్త్రమునకో ధారపోయబడుచున్నది. జరిగినచోట జరుగునదేమి? నల్లబల్లమీద రెండు కొండలు, నడుమ ఉదయించు సూర్యుడు, ఒక పూరిల్లు, ఒక కొబ్బరిచెట్టు. నలువదిమంది బాలురును దానినే దించుకొందురు. ఉప్పుగూడ బిడ్డ ఆ కొండలను ఎన్నడును చూడలేదు. ఆ కొబ్బరిచెట్టు అతని వీధిలో లేదు. అతడు నిత్యము చూచునది రైలుకట్ట, యాకుత్‌పురా, దబీర్‌పురాలమీదుగా సాగిపోవు లోకలురైలు, గాలిపటముల దారములు చిక్కుకొన్న తీగెలు, ఇరుకు సందులో మేడమీద ఆరవేసిన రంగురంగుల బట్టలు, దూరమున గుట్టపై ఫలక్‌నుమా. వీనిలో నేదియు గీయదగినదని అతనికెవరును చెప్పలేదు. తాను చూచునది కళకు తగదనియు, తాను చూడనిదే అందమనియు ఆ బిడ్డ నమ్ముట ఆ నల్లబల్లయొద్దనే మొదలగును. స్వకీయమైన బాణీకి ఇంతకుమించిన విఘాతము లేదు. కూల్డ్రే దామెర్లకు చేసిన యుపకారమునకు ఇది సరిగా విపర్యయము.

అందఱు బిడ్డలును చిత్రకారులు కావలెనా, గాయకులు కావలెనా యని అడుగువారికి నా సమాధానము: కానక్కఱలేదు. కాని వస్తువును నిదానించి చూచుట, చూచినదానిలో ముఖ్యమును అముఖ్యమును వేఱుపఱచుట, తప్పుగీతకు సిగ్గుపడక మరల గీయుట, పదిమంది యెదుట ఇది నేను చూచిన తీరు అని నిలువబడుట, ఇవి వైద్యునకును, న్యాయవాదికిని, దర్జీకిని, గృహిణికిని, ఓటువేయు పౌరునకును కావలసిన గుణములు. గణితమున సరియైన సమాధానము ఒక్కటే. అదియు బిడ్డ నేర్వవలసినదే. ఒకే చెట్టును ముప్పదిమంది ముప్పది తీరుల గీయగా, ఏ యొక్కటియు తప్పు కాకపోవుట బడిలో కళాతరగతియందు మాత్రమే జరుగును. తన తోటివాని చూపు తన చూపు వంటిది కాదనియు, ఐనను నిజమైనదనియు బాల్యముననే తెలిసికొన్నవాడు పెద్దవాడై పొరుగువానితో కలిసి బ్రదుకుట నేర్చును. రెండు మతములవారును, నాలుగు భాషలవారును గోడకు గోడ తగిలి నివసించు ఈ పాతనగరమునకు ఆ విద్యయెంత యావశ్యకమో నేను చెప్పవలసిన పనిలేదు.

శాసనములు ఈ విషయమున మౌనము వహింపలేదు. 2005 నాటి జాతీయపాఠ్యప్రణాళిక కళావిద్యను పదవతరగతివఱకు తప్పనిసరి విషయముగా చేయవలెనని సూచించెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము తన యనుసూచికలో, ఆఱునుండి ఎనిమిదవతరగతివఱకు గల బడిలో పిల్లల సంఖ్య నూఱు దాటినచో, కళావిద్యకు అంశకాలికుడైన బోధకుడొకడు ఉండవలెనని విధించెను. 2020 నాటి జాతీయవిద్యావిధానము కళలకును శాస్త్రములకును నడుమ గట్టిగోడ యుండరాదనెను. వ్రాతలో లోపము లేదు. ఆ వ్రాతను అమలుచేయుమని అడుగు తల్లిదండ్రుల గొంతులోనే లోపమున్నది. గణితోపాధ్యాయుడు నెల దినములు రాకున్నచో బడియెదుట నిలిచి ప్రశ్నించు మనము, డ్రాయింగు మాస్టరు ఉద్యోగము ఏండ్లతరబడి ఖాళీగా నున్నను పలుకము.

ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయవలెను. మీ పేట చేయదగినదియు కలదు. మీ నడుమనే గురువులున్నారు. వెదురుబద్దలకు రంగుకాగితములతికి అమ్మవారికి తొట్టెలలు కట్టువారు, ఘటమును పూలతో అలంకరించువారు, డప్పుపై దరువులు వేయువారు, ఫలహారపుబండికి బొమ్మలు దిద్దువారు, జర్దోజీ సూదిపని చేయువారు, దుకాణములకు బోర్డులు వ్రాయువారు. వీరెవరును తాము గురువులమని యెఱుగరు, మనమును వారిని అట్లు పిలువలేదు. వారిని సగౌరవముగా బడికి పిలువుడు. వారి శ్రమకు తగిన ప్రతిఫలమిండు. డ్రాయింగు మాస్టరు చూపును కొలతను నేర్పగా, వారు చేతిని, పదార్థమును, పండుగను నేర్పుదురు. రాజయ్యగారికి కళాశాలయు చేర్యాలయు కలిసివచ్చినట్లు, మీ బిడ్డలకు ఈ రెండును ఒక్క గదిలోనే కలిసివచ్చును. మూసీ యొడ్డున సాలార్‌జంగు మ్యూజియమున్నది. 1951నుండి తలుపులు తెఱచుకొనియున్న ఆ భాండాగారములోని సూక్ష్మచిత్రములను, బిద్రీపాత్రలను, వ్రాతప్రతులను మీ పిల్లలు ఒక్కనాడు పరుగున చూచివచ్చుట చాలదు. ఒక్కొక్క వస్తువు నెదుట కూర్చుండి గీసికొనునట్లు, ఉపాధ్యాయులు వారిని మరల మరల కొనిపోవలెను.

ఉపాధ్యాయులకొక విన్నపము. బిడ్డ గీయుచున్న కాగితముపై మీ చేయి పెట్టకుడు. కొలత చెప్పుడు, పనిముట్టును పట్టు తీరు చూపుడు, మహాచిత్రకారులు ఏమి చేసిరో చూపుడు, మరల మరల చేయింపుడు, అలసత్వమును క్షమింపకుడు. కాని ఏమి గీయవలెనో అతనినే వెదకికొననిండు. తల్లిదండ్రులకొక విన్నపము. బొమ్మ చూపుటకు వచ్చిన బిడ్డను, దీనికి బహుమతి వచ్చినదా యని ముందుగా అడుగకుడు. ఏమి చూచి గీసితివని అడుగుడు. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచునే అతడు తన చూపును తెలిసికొనును.

పెద్దలకు నా తుదివిన్నపము. రాజయ్యగారి పేర ఏటేట ఒక యుపన్యాసము జరుగుట మంచిదే. అంతతో ఆయన ఋణము తీరదు. ఆయన జీవితమంతయు బడిలో గడపిన ఉపాధ్యాయులు. వచ్చు బోనాల పండుగలోపల, ఈ పేటలోని యొక్క ప్రభుత్వపాఠశాలలోనైనను ఒక గదిని కళకొఱకు కేటాయింపజేసి, అందు కాగితమును రంగులను సమకూర్చి, వారమునకు రెండుమార్లు బోధించు మాస్టరును నియమింపజేయుడు. అందుకు కావలసిన వినతిపత్రమును నేడే, ఈ సభ ముగియకమునుపే వ్రాసి, అందఱును సంతకములు చేయుడని మిమ్ము ప్రార్థించుచున్నాను.